విడిదింటి మీద ఇంకో రౌండు

కడియంలో నర్సరీ ఉన్న జోగేశ్వరరావు గారు కూతురి పెళ్ళికి హెలికాప్టర్ని అద్దెకు తెప్పించారు. మగపెళ్ళివారు విడిదింట్లో దిగే వేళకి పైనుంచి పూలు కురిపించాలని ఆయన ముచ్చట. పూలు చల్లే పని నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే సత్తియ్యకి పడింది. మనిషి బక్కపలచన, బరువుండడని.

ఆ మాట విన్నప్పట్నుంచి అతని భార్య వెంకటదుర్గకి కంటి మీద కునుకు లేదు. దానికి తోడు చంటిపిల్ల దేవిశ్రీకి పళ్ళొస్తున్నాయి, ఒకటే ఏడుపు. పిల్లని భుజాన వేసుకుని స్కూలు గ్రౌండు అంచున నిలబడి, హెలికాప్టర్ లేచేటప్పుడు కళ్ళు మూసుకుంది. దిగాకే తెరిచింది.

సత్తియ్య తలనిండా బంతి రేకులతో నవ్వుకుంటూ వచ్చాడు. హమ్మయ్య, ఇక ఇంటికి పోయి కాసేపు నడుం వాల్చొచ్చు అనుకుంది దుర్గ.

అంతలో విడిదింటి నుంచి కబురొచ్చింది. గాలికి పూలన్నీ కాలవలో పడ్డాయట. పెళ్ళికొడుకు మేనత్త రాజరాజేశ్వరి గారు వాకిట్లో నిలబడి, "మర్యాదలన్నీ కాలవకేనా అన్నయ్యగారూ, మాకేమన్నా మిగిల్చారా?" అన్నారట.

జోగేశ్వరరావు గారి మొహం మాడిపోయింది. పైలట్ ఉదయభాస్కర్ దగ్గరికి గబగబా వచ్చారు.

"ఇంకొక్క రౌండండి, పూల బస్తాలు ఇంకా ఉన్నాయి. ఈసారి సరిగ్గా విడిదింటి నెత్తిన కాసేపు నిలబెట్టండి. రేకొక్కటి పక్కకి పోకూడదు."

"కుదరదండి. పూల బస్తాలు ఎక్కువ ఎక్కించాలన్నారని పొద్దున్నే ఆయిల్ తగ్గించి పోయించుకొచ్చాను. ఇప్పుడున్నది రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి చేరడానికే. గాల్లో ఒకచోట నిలబడితే ఇది మరీ తాగుతుందండి."

"కాసేపటికి ఎంత తాగుద్దండీ! ఆవిడ నోరు మీకు తెలీదు. నా తల తీసేయకండి బాబూ!" అంటూ ఆయన పైలట్ రెండు చేతులూ పట్టేసుకున్నారు.

పైలట్ ఆకాశం వంక చూశాడు. పట్టుకున్న ఆ చేతులు విదిలించుకోలేకపోయాడు. "సరే, నిమిషమేనండి" అన్నాడు.

దుర్గ సత్తియ్య చొక్కా పట్టుకుంది. "మావా, ఎక్కకు. ఆయిల్ లేదంటున్నాడు, వినపళ్ళేదా?"

"నీకు బస్సెక్కినా భయమే, పడవెక్కినా భయమే. వదలవే, అందరూ చూస్తున్నారు."

ఆపుకోలేక బావురుమంది దుర్గ. పెళ్ళి పూట ఏడుపేంటని ఎవరో ఆమెని పక్కకి లాగారు.

ఈసారి కళ్ళు మూసుకోలేదు. హెలికాప్టర్ విడిదింటి మీద నిలబడింది. నిమిషం ఎప్పుడో దాటింది. తిరిగి వస్తూ కొబ్బరిచెట్ల మీదికి చేరేసరికి ఇంజను ఒకసారి దగ్గినట్టయింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది. పైన రెక్కలు మాత్రం ఊరికే గాలికి తిరుగుతున్నాయి. ఒక పక్కకి ఒరిగిపోతూ వచ్చి, నర్సరీలో నీడకి కట్టిన పచ్చ వలని చీల్చుకుని క్రోటన్ల మడిలో కూలబడింది.

పిల్లతో ఎలా పరిగెత్తిందో దుర్గకి తెలీదు. అప్పటికే కూలీలు ఇద్దర్నీ బయటికి లాగారు. పైలట్ నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. సత్తియ్య కాలు మోకాలి కింద వంకర తిరిగింది, కళ్ళు తెరవలేదు.

పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రాజరాజేశ్వరి గారు వచ్చారు. "ఎక్కబోయే మనిషిని పట్టుకుని శోకాలు పెడితే ఇంకేమవుద్ది? ఏడ్చి మరీ పడగొట్టింది."

జోగేశ్వరరావు గారికి ఆ మాట ఆసరాగా దొరికింది. "శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఆ ఏడుపేంటమ్మా నీకు?" అన్నారు.

"ఆవిడ ఏడుపుకి కాదండి, ఆయిల్ లేక పడింది" అన్నాడు పైలట్, నుదుటి మీద చెయ్యి తియ్యకుండానే. "చాలదని చెప్పిందీ నేనే. చెప్పి ఎక్కిందీ నేనే."

మొక్కలు తోలే వ్యాను వచ్చింది. దుర్గ సత్తియ్య తల ఒళ్ళో పెట్టుకుని, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్లని భుజానికి ఆనించుకుని కూర్చుంది. వ్యాను కాలవ గట్టెక్కాక సత్తియ్య కళ్ళు తెరిచాడు.

"దుర్గా... పడ్డాయా? విడిదింటి మీద?"

గొంతుదాకా తిట్లొచ్చాయి. మనిషి మాట్లాడుతున్నాడు, అది చాలు. ఆమె కళ్ళన్నీ హెలికాప్టర్ మీదే, పూలెక్కడ పడ్డాయో చూస్తే కదా.

"పడ్డాయి మావా, నిండా పడ్డాయి. కాలు కదపకు" అంది. ఆస్పత్రి వచ్చేదాకా డ్రైవర్‌తో ఒకటే మాట, "గోతులున్నాయండి, నెమ్మదిగా పోనీయండి, మీకు పుణ్యముంటుంది" అని.