తునికిచెరువు కూత

షాలేమ్‌రాజు చేతికట్టు విప్పింది నేనే. ముందు ఆ సంగతి చెప్పేస్తాను. ఈ కథ వినే కూలీలు గానీ, కాలేజీ పిల్లలు గానీ ఈ బద్యా మంచివాడు అనుకొని మొదలుపెట్టొద్దు.

తెల్లవారి ఆరింటికి తునికిచెరువు అవతలి గట్టున తుంగలో బోల్తాపడ్డ పడవ కనిపించింది. పడవ ముక్కుకున్న ఇనుప కొండీకి పచ్చ తువ్వాల కట్టి ఉంది. దాని రెండో కొస షాలేమ్‌రాజు ఎడమ మణికట్టుకు ఉంది. ఒంటి చేత్తో, పళ్ళతో బిగించుకున్న ముడి అది. అంటే పడవ తిరగబడ్డాక కూడా మనిషి బతికే ఉన్నాడు. పట్టు జారిపోతుందని తెలిసి తనను తానే పడవకు కట్టుకున్నాడు. కట్టుకొని ఎదురుచూశాడు.

కాంట్రాక్టరు జగదీష్ గట్టు మీద నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పోలీసులొచ్చేలోపు అది తీసెయ్ బద్యా. గెస్టులు లేస్తరు, జల్దీ."

గోళ్ళతో రాలేదు. పళ్ళతో విప్పాను. ఆయన పళ్ళు పట్టిన చోటే నా పళ్ళు పట్టాయి. తువ్వాల చొక్కా కింద దాచుకున్నాను. తాగి నీళ్ళలో పడ్డాడని పంచనామా రాశారు. మిగిలిన ఏడుగురు పడవోళ్ళం కింద సంతకాలు పెట్టాం. షాలేమ్‌రాజు తాగడు. ఆదివారం చర్చిలో డప్పు వాయించే మనిషి, మాలో ఎవడైనా తాగొస్తే ఆ రోజు తన పడవ పక్కన కట్టనిచ్చేవాడు కాదు. ఆ సంగతి మా ఏడుగురికీ తెలుసు. అయినా పెట్టాం. పది గంటలకు బోటింగ్ మొదలైంది.

ఆయన దేనికోసం ఎదురుచూశాడో చెప్పాలి. కూత కోసం.

ములకలపల్లి దాటి అడవిలోకి వస్తే తునికిచెరువు. మా తాతల నుంచి అందులో చేపలు పట్టాం. పొద్దుగూకేవేళ ముందుగా ఒడ్డు చేరినవాడు గట్టెక్కి ఒక్కొక్కరి పేరూ పట్టి కూసేవాడు. నీళ్ళ మీంచి "ఉన్నా..." అని జవాబు రావాలి. ఎవరైనా పలకకపోతే అందరం మళ్ళీ పడవలెక్కేవాళ్ళం. చివరి పేరు పలికేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. పెళ్ళి భోజనం ఉన్నా, ఇంట్లో జ్వరం ఉన్నా సరే. అది మా కట్టు.

తర్వాత చెరువు చుట్టూ కంచె పడింది. గుడారాలు, ఊగే తాళ్ళు, తొక్కే పడవలు వచ్చాయి. చేపలు పట్టేవాళ్ళం నీలం చొక్కాలు వేసుకొని పట్నపోళ్ళను తిప్పే పడవోళ్ళమయ్యాం. మొదటి వారమే జగదీష్ మమ్మల్ని నిలబెట్టి అన్నాడు: "గెస్టులు పిట్టలు చూడనీకి, సైలెన్స్ కోసం వస్తరు. మీ కూతలేంది, చేపల బజారా? బంద్." గట్టు మీద నిశ్శబ్దం పాటించండి అని బోర్డు పెట్టాడు. మేం ఊరుకున్నాం. పని పోతుందని తాతల కట్టు వదిలేశాం. మమ్మల్ని మించిన వెర్రివాళ్ళు ఉంటారా?

షాలేమ్‌రాజు పోయిన సాయంత్రం ఈదురుగాలి లేచింది. అవతలి గట్టున వదిలేసిన రెండు చిన్న పడవలు తెమ్మని జగదీష్ ఆయన్ను పంపాడు. నీళ్ళలో తేల్చే లైఫ్ జాకెట్టు అడిగితే అవి గెస్టులకే అన్నాడు. మేం పడవలు కట్టేసి ఎవరి దారిన వాళ్ళం పోయాం. ముందే వెళ్ళిపోయాడనుకున్నాను నేను. గుడారాల కాపలాకు ఆపారనుకుంది ఆయన భార్య సంపూర్ణ. ఎవ్వరూ గట్టెక్కి పేరు పెట్టి పిలవలేదు.

అప్పటి నుంచి పొద్దుగూకితే నా చెవులు నా మాట వినవు. తెడ్డు నీట్లో పడితే పేరు వినబడుతుంది. నాకొక్కడికే అనుకున్నాను. ఒకరోజు చూస్తే, మాలో అందరికంటే పెద్దవాడు వెంకటప్పయ్య ఖాళీ నీళ్ళకేసి తిరిగి పెదవులు కదుపుతున్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి జగదీష్ చావును కూడా ఆటవస్తువు చేశాడు. సాయంత్రపు షికారుకు దయ్యం మడుగు అని పేరు పెట్టాడు. చెరువు నడుమకు తీసుకుపోయి మేమే కథ చెప్పాలి: తాగుబోతు పడవోడు ఒకడు ఇక్కడ పడి చచ్చాడు, వాడి దయ్యం ఇంకా మందు అడుగుతుంది. చెప్పి తెడ్డుతో పడవను ఒక్క కుదుపు కుదపాలి. పట్నపోళ్ళు కెవ్వుమని, ఆ తర్వాత నవ్వాలి. నేను చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కపెట్టలేదు. రేవులో గుడారాల దుప్పట్లు ఉతుకుతూ సంపూర్ణ ఆ నవ్వులు వినేది. ఉతికిన దుప్పటినే మళ్ళీ ఉతికేది.

ఒక ఆదివారం నా పడవలో జెబా అనే అమ్మాయి ఎక్కింది. ఖానాపురం హవేలి పిల్ల, డిగ్రీ చదువుతోంది. కథ అయింది, కుదుపు అయింది, అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అన్నా, ఆయన పేరేంది?"

తెడ్డు వేస్తూ ఒడ్డుకు తెచ్చాను. దిగేటప్పుడు మళ్ళీ అడిగింది. "పేరు లేదా? మనిషే గదా చచ్చింది?"

ఆ సాయంత్రమే తువ్వాల పట్టుకొని సంపూర్ణ ఇంటికి పోయాను. ఆమె తమ్ముడు జోజి మాతోటే పడవ నడుపుతాడు, వాకిట్లో కూర్చొని ఉన్నాడు. మిగతావాళ్ళను పిలిపించాను. అందరి ముందు తువ్వాల పరిచి, చూసిందీ చేసిందీ చెప్పాను.

జోజి లేచి నా గల్లా పట్టాడు. "బావ బతికున్నడా? మనం బువ్వ తినేటాళ్ళకు ఆయన చెరువుల బతికే ఉన్నడా? చెప్పవేందే!"

"అవ్. కూత కోసం చూసిండు."

వెంకటప్పయ్య తల పట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్తే మనల్నే లోపలేస్తరు. సంతకాలు పెట్టినోళ్ళం మనమే. పిల్లలేం తింటరు?"

"పెద్దాయనా, రేపు నీ పడవ బోల్తా పడుతది. అప్పుడు నిన్ను గూడ తాగుబోతని రాస్తరు. నేనే సంతకం పెడ్త. పెట్టాల్నా మరి?" అన్నాడు జోజి.

వాకిలంతా అరుపులు లేచాయి. నువ్వు పెట్టావంటే నువ్వు పెట్టావని. జగదీష్ జాకెట్లివ్వకపోతే మనమెందుకు పడవెక్కామని. చెరువు మనదైతే మన నోరు వాడి జేబులో ఎందుకుందని. సంపూర్ణ మాత్రం తువ్వాల మీద నా పళ్ళ గాట్లను వేలితో తడుముతోంది. నేను ఏడ్చాను.

"నీ ఏడుపు నాకొద్దు బద్యన్నా," అంది. "నిన్ను మాఫ్ చేసేది గూడ లేదు. నాకు కూత గావాలె. ఆయన పేరు ఆ నీళ్ళ మీద వినబడాలె. తాగుబోతని ఎక్కడ చెప్పిన్రో, అక్కడనే నిజం చెప్పుండ్రి."

తరువాతి ఆదివారం సాయంత్రం ఏడు పడవలూ నిండుగా బయల్దేరాయి. ఎక్కిన ప్రతి మనిషికీ మా చేతులతో మేమే జాకెట్టు తొడిగి, బిగింపు రెండుసార్లు చూశాం. జెబా తన క్లాసు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చింది. నా పడవే వెతుక్కొని ఎక్కింది.

చెరువు నడుమ ఏడు పడవలనూ పక్కపక్కన చేర్చి తెడ్లు పైకెత్తాం. నేను లేచి నిలబడ్డాను.

"ఓ షాలేమ్‌రాజో...!"

అడవి ఆ పేరును రెండుసార్లు తిప్పి పంపింది. జవాబు లేదు. మొదటి పడవలో ఎవరో కిసుక్కున నవ్వి ఆగిపోయారు. అప్పుడు చెప్పాం. ఒకరి మాట తెగితే ఇంకొకరు అందుకున్నాం. గాలి సంగతి, జాకెట్టు సంగతి, ముడి సంగతి, మా సంతకాల సంగతి. వెంకటప్పయ్య తన పేరు చెప్పి, "తప్పుడు సాక్ష్యం పెట్టినోణ్ణి నేను గూడ" అని చేతులు జోడించాడు. ఒకాయన షికారుకొస్తే శవాల గోలేందని మండిపడ్డాడు. జెబా మాత్రం ఫోను ఎత్తి పట్టుకొని, "అన్నా, పేరు మళ్ళొకసారి చెప్పు" అంది.

గట్టు మీద జగదీష్ మైకులో అరుస్తున్నాడు. బోర్డు పెట్టిన మనిషే నిశ్శబ్దాన్ని చింపి పోగులు పెడుతున్నాడు. మేం కంగారు పడకుండా అందరినీ జాగ్రత్తగా ఒడ్డుకు చేర్చాం. అప్పటికే జీపు వచ్చి ఉంది. సంపూర్ణ తువ్వాలను తెచ్చి, ఆనాటి పడవ కొండీకి మళ్ళీ కట్టింది. "ముడి సూడు సారూ. తాగినోడు ఏసే ముడేనా?" అని ఎస్సైని అడిగింది. అతను తువ్వాల వంక చూడలేదు, మమ్మల్ని ఎక్కించాడు.

పర్యాటకుల ప్రాణాలకు ముప్పు తెచ్చామని కేసు. జాకెట్టు లేని మేము, జాకెట్లున్న వాళ్ళకు!

సబ్‌జైలుకు నాలుగో రోజు సంపూర్ణ ములాఖత్‌కు వచ్చింది. జాలీ అవతల నిలబడి, కోపం తగ్గని ముఖంతోనే చెప్పింది. జగదీష్ చర్ల దిక్కు నుంచి, గోదారి మీద పడవలు నడిపే ఏడుగురిని తెచ్చాడట. పొద్దుగూకేసరికి సంపూర్ణా, మా ఆడవాళ్ళూ గట్టెక్కి మా పేర్లు ఒక్కొక్కటే కూశారట.

"మీ పేర్లకు మేమే పలికినం, లోపలున్నరని. లాస్టుకు ఆయన పేరు కూసిన. ఎవ్వరు పలకలె. ఆ కొత్తోళ్ళు తెడ్లాపి, పలకనోడు ఎవరక్కా అని అడిగిన్రు. చెప్పిన."

"ఏమన్నరు?"

"వాళ్ళ దిక్కు గూడ గదే కట్టు ఉందంట. పడవలన్ని ఒడ్డుకు గుంజిన్రు. పోలీసులొచ్చిన్రు, జగదీష్ కాళ్ళబేరానికొచ్చిండు. జెబావోళ్ళు కాలేజీ నుంచి ఒక బస్సెడు మంది వచ్చిన్రు. అందరు గట్టు మీదనే కూసున్నరు."

"ఎంతసేపు?"

"మొన్నటి సంది," అంది సంపూర్ణ. "షాలేమ్‌రాజు పలికేదాకా ఎవ్వరు ఇంటికి పోరంట."