బెత్తెడు లెన్సు

నయాపైసలు వచ్చిన ఏడాది, తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారి నరసింహమూర్తిగారి ఇంట్లో లక్ష్మీదేవికీ గూడబాతుకీ పోటీ వచ్చింది.

ఏటా ఆయన కొట్టు పేరు మీద కేలండరు అచ్చువేయించి ఖాతాదార్లకి పంచుతారు. పదిహేనేళ్లుగా దాని మీద లక్ష్మీదేవే కూర్చుంటోంది. దీపావళి వెళ్లిన మర్నాడు కోడలు రత్నాంబ, "ఈసారి కొల్లేటి పక్షి ఫోటో వేద్దామండి మావయ్యగారూ. నేను తీస్తాను" అంది. ఆవిడ చేతికి కెమెరా వచ్చి ఆరునెలలే అయింది. అదీ భర్త ఈశ్వరరావు మద్రాసులో ముచ్చటపడి కొని, ఒక్క రీలు తీసి, విసుగుపుట్టి బీరువా మీద పారేసినది. మొగుడు వదిలేసిన కెమెరాని పెళ్లాం మెళ్లో వేసుకు తిరిగితే నలుగురూ నవ్వరా అని నరసింహమూర్తిగారి బెంగ. అయితే ఆయన వ్యాపారి. కాదనకుండానే కాదనడం తెలిసినవాడు.

"కార్తీక పౌర్ణమికి ప్రెస్సుకి బొమ్మ ఇచ్చెయ్యాలి. ఈలోపల నీ ఫోటో వచ్చి, అది నాకు నచ్చితే పక్షి. లేకపోతే లక్ష్మి. కెమెరా మళ్లీ బీరువా ఎక్కుతుంది, ఇంక దిగదు. సరేనా అమ్మాయీ?"

"సరేనండి" అంది రత్నాంబ. పెళ్లయ్యాక ఆమెకి అన్నిటికన్నా ఇష్టంగా గడిచినవి ఈ ఆరునెలలే. వాటిని వదులుకునే ఉద్దేశం ఆమెకి బొత్తిగా లేదు.

వచ్చిన చిక్కల్లా దూరంతోటే. కెమెరాతో వచ్చిన లెన్సులో కొల్లేటి గూడబాతు ఆవగింజంత పడుతుంది. దూరాన్ని దగ్గర చేసే లెన్సు కావాలి. కొత్తది కొనే స్తోమత రత్నాంబ దాచుకున్న డబ్బుకి లేదు. ఏలూరులో స్టూడియో నడిపే జోగారావు దగ్గర పాతవి రెండు అమ్మకానికున్నాయని తెలిసి, మామా కోడలూ రైలెక్కారు.

జోగారావు రెండూ బల్లమీద పెట్టాడు. ఒకటి మూరెడు పొడుగు, రెండోది బెత్తెడు.

"ఈ చిన్నది మూడు రెట్లు దగ్గరకి తెస్తుందండి. పెద్దది ఎనిమిది రెట్లు. ధర కూడా చిన్నదానికి మూడింతలనుకోండి" అంటూ పెద్దదాన్ని కెమెరాకి తగిలించి, స్టాండు మీద బిగించి, వీధి చివరి మేడ కేసి తిప్పాడు. నరసింహమూర్తిగారు ఒక కన్ను మూసి చూశారు. ఆ మేడ మీద ఎవరో ఎండబెట్టిన వడియాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఆయన ముఖం చాటంత అయింది.

"కొంటే ఇదే కొనాలి. తక్కువైన డబ్బు నేను వేస్తాను" అన్నారు. పందెం కాసినవాడే ఎదుటివాళ్లకి ఆయుధం కొనిపెడతానంటున్నాడన్న సంగతి ఆయనకి తట్టనేలేదు. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా.

ఇంకో కోడలైతే కళ్లకద్దుకుని పుచ్చుకునేది. రత్నాంబ మాత్రం, "మచ్చు చూడకుండా ఎలా కొంటామండి మావయ్యగారూ?" అంది.

నరసింహమూర్తిగారు జేబులోకి పోనిచ్చిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ మాట ఆయనదే. బియ్యం బండి వస్తే ఆయన పై బస్తా ముట్టుకోరు. అడుగు బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి, నాలుగు గింజలు మచ్చు తీసి, వెలుతురులో చూసి, పంటికింద కొరికి, అప్పుడు గాని "దించండి" అనరు. పై బస్తా అమ్మేవాడి కోసం, అడుగు బస్తా కొనేవాడి కోసం అని ఆయన సిద్ధాంతం.

"స్టాండు మీద మీరు చూపించింది పై బస్తాయండి జోగారావుగారూ. నేను తీసేది పడవలోంచి. రెండూ ఒక్కరోజు ఇవ్వండి, కొల్లేట్లో చూసి చెబుతాను."

మామగారి పూచీ మీద జోగారావు రెండూ ఇచ్చాడు.

మర్నాడు పొద్దుపొడిచే వేళకి ఇద్దరూ కొల్లేటి గట్టున ఉన్నారు. నీళ్లలో చేపల కోసం పెట్టిన వెదురుబుట్టల మావులు ఎత్తడానికి రోజూ వెళ్లే నూకాలమ్మ పడవ మాట్లాడుకున్నారు. నరసింహమూర్తిగారు గంజిపెట్టిన తెల్ల పంచె కట్టుకుని, అది మాయకుండా కిందవేసుకోవడానికి కొట్లోంచి రెండు గోనెలు కూడా తెచ్చుకున్నారు.

నూకాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సావుకారుగారండీ, పక్షుల కేసి చెయ్యి చూపించకండి. అదేపనిగా చూడకండి కూడాను. మేం మావులు ఎత్తుకుంటాం, అవి వాటి తిండి తింటాయి. ఎవరి పని వాళ్లదేనండి."

ఆయన తలూపారు. పావుగంట తిరక్కుండానే, ముక్కు కింద సంచీలు వేలాడేసుకుని గుంపుగా ఈదుతున్న గూడబాతులు కనబడ్డాయి. "అమ్మాయీ, అవే అవే" అంటూ ఆయన లేచి నిలబడి, తెల్ల కండువా ఉన్న చెయ్యి బారచాపారు. గుంపంతా ఒక్కసారి లేచిపోయింది. రత్నాంబకి ఏడుపొచ్చినంత పనైంది. నూకాలమ్మ గోనె తీసి ఆయన నెత్తిన కప్పింది. రెండోది రత్నాంబ తనే కప్పుకుంది. తాడేపల్లిగూడెంలో నలుగురి చేతా నమస్కారాలు పెట్టించుకునే షావుకారు, సొంత కొట్టు ముద్ర నెత్తిన వేసుకుని బుద్ధిగా కూర్చున్నారు.

గంటకి పక్షులు తిరిగొచ్చాయి. రత్నాంబ ముందు మూరెడు లెన్సు ఎత్తింది. పక్షి కన్ను ఎదురుగా వచ్చింది. మరుక్షణం ముక్కు, ఆపైన ఉత్త నీళ్లు. పడవ ఊగిసలాడినప్పుడల్లా ఆ ఊపు కూడా ఎనిమిది రెట్లయింది. స్టాండు వేసి చూసింది. పడవతోపాటు అదీ ఊగింది. సగం రీలు అయ్యాక ఇంక చాలనుకుని, బెత్తెడు లెన్సు తగిలించింది.

"ఇంకా దగ్గరకి వెళ్లగలమా నూకాలమ్మా?"

"తొందరపడకపోతే వెళ్లగలమండి."

నూకాలమ్మ ఒక మావు ఎత్తింది, దులిపింది, మళ్లీ పెట్టింది. గెడతో పడవని తర్వాతి మావు దాకా తోసింది. మళ్లీ అదే పని. పక్షుల కేసి కన్నెత్తి చూడలేదు. పన్నెండో మావు దగ్గరికి వచ్చేసరికి గుంపు ఇరవై గజాల్లో ఉంది. పెద్ద లెన్సు చెయ్యలేని పని గెడకర్ర చేసిపెట్టింది. అప్పుడొక గూడబాతు రెక్కలు బారచాపి, కాళ్లు ముందుకు చాచి నీళ్లమీదికి దిగింది. రత్నాంబ మీట నొక్కింది. వచ్చిందని ఆమెకి ఆ క్షణానే తెలుసు.

పౌర్ణమికి ముందురోజు జోగారావు స్టూడియోలో ప్రింట్లు బల్లమీద పరిచాడు. మూరెడు లెన్సువి చూస్తే అది పక్షో పిండారేసిన గుడ్డో ఆనవాలు పట్టడం కష్టం. బెత్తెడు లెన్సువాటిలో ఒకటుంది. దిగుతున్న గూడబాతు, కాళ్లకింద విరిగిన నీళ్లు, ఓ పక్కగా మావు మీదికి వంగి తన పని తను చేసుకుంటున్న నూకాలమ్మ.

నరసింహమూర్తిగారు ఆ ఫోటో పుచ్చుకుని గుమ్మంలోకి, వెలుతురులోకి వెళ్లారు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. కొరకడం ఒక్కటే తక్కువ.

"దించండి" అన్నారాయన.

జోగారావు తెల్లబోయాడు. "ఏం దించమంటారండి?"

రత్నాంబకి వివరించనక్కర్లేకపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని బెత్తెడు లెన్సు చేతిలోకి తీసుకుంది. మామగారు బేరానికి గొంతు సవరించుకోవడం చూసి, "నేనాడతానండి మావయ్యగారూ" అంది.

నలభై ఏళ్లలో ఏ బేరంలోనూ పక్కకి తప్పుకోని మనిషి, కండువా దులుపుకుని బయటికి నడిచి అరుగు మీద కూర్చున్నారు.

"చూడండి జోగారావుగారూ," లోపల్నుంచి కోడలి గొంతు నెమ్మదిగా వినబడింది. "ఈ గాజు అంచున చిన్న గీతుందండి."

నరసింహమూర్తిగారు కండువా నోటికి అడ్డంపెట్టుకుని నవ్వుకున్నారు.