ఆమేన్‌కు ముందు

దేవమణి పోయి ఏడాది కావస్తున్నా, నందిగామలోని ఆ ఇంట్లో సందె వేళకు ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

మహిమ ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటూ ఉంటుంది. వెనక గదిలోంచి "ప్రభువా, ఈ పొద్దంతా మమ్మల్ని కాసినందుకు నీకు స్తోత్రం" అని అమ్మ మొదలుపెడుతుంది. అది ఫోన్ అని మహిమకు తెలుసు. తెలిసినా వీపు జలదరిస్తుంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఇంకా లైటు వెయ్యలేదేమే" అంటుందేమోనని చెవి అటే వేసి ఉంచుతుంది. ఆ మాట వినపడితే బాగుండుననీ ఉంటుంది, వినపడితే గుండె ఆగిపోతుందేమోననీ ఉంటుంది.

పోయిన మనిషి గొంతు దీపాలవేళ మోగకూడదని కాలనీలో కొందరు గొణిగారు. మహిమ నాన్న జయరాజ్ మాస్టారు వింటేగా! బళ్ళో ముప్పయ్యేళ్ళు పిల్లలకు చెప్పడమే గాని ఒకరు చెప్పింది విన్న అలవాటు ఆయనకు లేదు. దేవమణి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ప్రార్థన అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంటారు.

దేవమణి బతికుండగా కాలనీలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆమెకే ఫోన్. మిరపకోతలకు పోయిన ఆడవాళ్ళు చేలోంచే చేసేవాళ్ళు, పిల్లాడికి జ్వరమనో, మొగుడు ఇంటికి రాలేదనో. సాయంత్రం ఆమె ఒక్కొక్కరి పేరూ పలికి ప్రార్థన చేసి రికార్డు చేసేది. ఎక్కడున్నవాళ్ళు అక్కడే వినేలా జగ్గయ్యపేట వెంకటరత్నం ఒక వెబ్ పేజీ చేసిచ్చాడు. అప్పట్లో ఆయనకక్కడ కంప్యూటర్ సెంటర్ ఉండేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నలుగురూ వాడే పద్ధతి ఆయన కంటికి ఆనలేదు. సొంతంగా ఒక ప్లేయర్ తయారుచేసి, అది ఎక్కించిన ఫోన్లోనే ప్రార్థన మోగేలా బిగించాడు. "మన సరుకు ఎవడూ ఎత్తుకుపోలేడమ్మా" అని గొప్పలు పోయాడు. నిజమే, ఎవడూ ఎత్తుకుపోలేదు. ఎవరూ వినలేదు కూడా. ఆ ప్లేయర్ దేవమణి ఫోన్లో తప్ప ఇంకెవరి ఫోన్లోనూ సరిగా కూర్చోలేదు. మిగతావాళ్ళు నొక్కితే తెల్లటి తెర వచ్చేది. మనిషే ఉంది కదా అని అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఇందులో విడ్డూరమేమిటంటే, మహిమ ఉద్యోగమే అది. హైదరాబాద్ కంపెనీకి ఇంటినుంచి పనిచేస్తుంది. ఫోన్లలో సరిగా తెరుచుకోని పేజీలను అందరూ ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం సరిచేసి, చిన్న తెరకూ పెద్ద తెరకూ అమరేటట్టు చేస్తుంది. ఊరివాళ్ళ పేజీలన్నీ బాగుచేసింది గాని, కన్నతల్లి పేజీ వైపు ఒక్కనాడూ చూడలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు ఎదురింటి కమలాకుమారి గేటు దగ్గర పట్టుకుంది.

"అమ్మాయ్ మహిమా, దొంగల్లాగా మీ కిటికీ కింద నిలబడి వింటన్నామే. మా ఫోన్లలో రాదా ఏంది దేవమణమ్మ?"

"వచ్చేటట్టు చేస్తా పిన్నీ."

జయరాజ్ మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "వద్దమ్మా. అందరిళ్ళకీ పోతే ఇంక ఇక్కడెందుకుంటది?" అన్నారు. ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నారంటే, మహిమకు భయం వేసింది.

కానీ ఫోన్ వెనక మూత ఉబ్బుతోంది. బ్యాటరీ పొంగిందని, ఇక ఎన్నాళ్ళో ఉండదని షాపువాడు చెప్పేశాడు. అది పోతే గొంతు కూడా పోతుంది.

"నాన్నా, మన మోటారుకి నట్టు పోతే కంచికచర్లలో కొన్నా పట్టుద్ది, జగ్గయ్యపేటలో కొన్నా పట్టుద్ది. కొలత అందరిదీ ఒకటే కాబట్టి. వెబ్‌కీ అట్టాంటి కొలతలున్నయ్, అవి ఏ ఒక్కరి సొంతమూ కాదు. వాటి ప్రకారం చేస్తే అమ్మ ఏ ఫోన్లో అయినా మాట్లాడుద్ది. వెంకటరత్నం గారు ఎవరికీ లేని కొలత పెట్టుకున్నాడు. ఈ ఫోన్ పోతే అమ్మ పోయినట్టే."

"అమ్మ పోయిందిగా" అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఆయనే లేచి వచ్చి ఫోన్ ఆమె చేతిలో పెట్టారు. "ఏదీ పోనీమాక" అన్నారు.

మర్నాడు ఆమె చిల్లకల్లు మీదుగా బస్సులో జగ్గయ్యపేట వెళ్ళింది. వెంకటరత్నం ఇప్పుడు సిమెంటు ఏజెన్సీ నడుపుతున్నాడు. టీ తెప్పించాడు. సిగ్గుపడ్డాడు.

"సర్వరా? అది ఆపేసి చానాళ్ళయింది తల్లీ. తాళం ఎట్టా బిగించానో నాకే గుర్తులేదు. ఆ ఫోన్లో దాచుకున్నయ్యే మిగిలినయ్. మోగించుకుంటా మళ్ళీ రికార్డు చేసుకోవడం తప్ప దారి లేదు."

అదే చేసింది. ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ వైరు కలిపి, ప్రార్థనలు ఒకదాని తర్వాత ఒకటి మోగనిచ్చింది. పక్కనే కూర్చుని వినడం ఆమె వల్ల కాలేదు. మధ్యాహ్నమంతా మూసిన తలుపు వెనక అమ్మ ఎవరెవరి పేర్లో పలుకుతూనే ఉంది. మహిమ వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోమింది. చివరిది కూడా ల్యాప్‌టాప్‌లోకి వచ్చేశాక ఫోన్ కాలిపోయేంత వేడెక్కింది, మూత లేచింది, తెర నల్లబడింది. ఇక వెలగలేదు. అయినా అన్నీ దక్కాయని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది.

పేజీ ముచ్చటగా కుదిరింది. పెద్ద అక్షరాలు, ఎవరి పేరు నొక్కితే ఆ పేరున్న ప్రార్థన. చందర్లపాడు అవతల చేలలో సిగ్నల్ ఒక్క గీతే ఉంటుంది. అక్కడ కూడా తెరుచుకోవాలంటే పేజీ తేలిగ్గా ఉండాలి. అందుకని రికార్డు చేసేటప్పుడే మాటలు లేని ఖాళీలు వాటంతటవే తెగిపోయేలా పెట్టింది. ఆఫీసు పనిలో రోజూ చేసేదే కాబట్టి ఆలోచించను కూడా లేదు. కమలాకుమారి పగిలిన ఫోన్లో సైతం నొక్కగానే పలికింది. ఆమె అక్కడే గేటు పట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం వీధి మొత్తం దేవమణి.

ఒక ఇంట్లో "ప్రభువా" అంటోంది. పక్కింట్లో అప్పటికే పిల్లవాడి జ్వరం సంగతి చెబుతోంది. ఎదురింట్లో కమలాకుమారి కూతురి పేరు పలుకుతోంది. వీధి చివర ఎక్కడో "ఆమేన్" అంటోంది. ఒకే గొంతు ఇంటింటికీ వచ్చి, ఏ ఇంట్లో ఆ ఇంటివాళ్ళను పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. మహిమ గడపలో నిలబడి చేతులు గట్టిగా కట్టుకుంది.

జయరాజ్ మాస్టారు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి నడిచారు. ఒక్కో గుమ్మం ముందు ఆగారు, విన్నారు, ముందుకు కదిలారు. తప్పిపోయిన మనిషిని వెతుక్కునేవాళ్ళు అలాగే తిరుగుతారు. చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చారు. ముఖంలో నెత్తురు లేదు.

"ఆగట్లేదమ్మా" అన్నారు.

"ఏంటి నాన్నా?"

"మీ అమ్మ ఆగట్లా. అందరి పేర్లూ చెప్పి గబుక్కున ఆమేన్ అంటంది. ముందు అట్టా కాదుగా. ఆమేన్ అనబోయే ముందు ఆగేది. ఆ ఆగడం ఏదీ?"

మహిమకు అప్పటికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పారు, ఆమె వైపు చూడకుండా.

"నా పేరు నోటితో అనదు గదా. పెళ్ళయిన కాడినుంచీ ఒక్కసారైనా అన్లా. ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ పలికి, నా కాడికొచ్చేసరికి ఆగేది. లోపల్లోపల అనుకునేది. నేను పక్కనే కూచుని చూసేవాణ్ణి, పెదాలు కదిలేవి. ఆ తర్వాతే ఆమేన్. రోజూ నేను వినేది అదేనమ్మా."

మహిమ మెట్టు మీద కూలబడింది. ఊరందరి పేర్లూ పదిలంగా దాచింది. నాన్న ఉన్న ఒక్క చోటునూ ఖాళీ అనుకుని కత్తిరించి పారేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టయింది. మళ్ళీ రికార్డు చేద్దామంటే ఆ ఫోన్ లేదు.

ఏడుస్తూనే ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమేన్‌కు ముందు కాస్త నిశ్శబ్దం చేర్చి వినిపించింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"ఇది అమ్మది కాదు. అందులో ఊపిరి ఉండేది. గాజులు కదిలేవి. ఇందులో ఎవరూ లేరు."

"నాన్నా, తప్పయిపోయింది."

ఆయన కూతురి తల మీద చెయ్యి వేశారు గాని, పర్లేదు అనలేదు. అనరని మహిమకూ తెలుసు. ఆ తర్వాత తన ఫోన్ తీసి ఆమెకిచ్చారు.

"ఆ పేజీ ఇందులో పెట్టు. మధ్యలో ఆపాలంటే ఎక్కడ నొక్కాలి?"

చూపించింది.

మర్నాడు సందె వేళకు ఆయన ఎప్పటిలాగే వెనక గదిలో కూర్చున్నారు. వీధిలో ఇళ్ళన్నీ పలుకుతున్నాయి. ఆయన ఒళ్ళోని ఫోన్ కూడా పలికింది. పేర్లు ఒక్కొక్కటే గడిచాయి. చివరి పేరు కాగానే మాస్టారు బొటనవేలితో నొక్కారు. గొంతు ఆగింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

బయట ఒక్కో ఇంట్లో ఆమేన్ వినిపించింది. కమలాకుమారి ఇంట్లో అయింది, పక్కింట్లో అయింది, వీధి చివర కూడా అయిపోయింది. తలుపులు పడ్డాయి, వంటల చప్పుళ్ళు మొదలయ్యాయి. మహిమ గుమ్మంలో నిలబడి, ఆ వేలు మళ్ళీ ఎప్పుడు కదులుతుందా అని చూస్తోంది. చీకటి పడి తండ్రి ముఖం కనిపించడం మానేసింది.

"లైటు వెయ్యనా నాన్నా?"

"ఉండమ్మా. మీ అమ్మ ఇంకా ఆమేన్ అన్లా."