కత్తెరమ్మ కుడిచెయ్యి

స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా బట్ట కోసేది ఆమే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ కత్తెరమ్మే. మూడు నెలల కిందట ఆమె మెదడులో ఎడమవైపు ఒక సన్న రక్తనాళం పూడుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ, కుడిచెయ్యి మాత్రం పిలిచినా పలకని చుట్టంలా పక్కన పడి ఉంది.

ఇంట్లోవాళ్లు దాన్ని విరిగిన చెయ్యిలాగే చూశారు. మెడకు గుడ్డ కట్టి అందులో వేలాడదీశారు. కోడలు తల దువ్వింది, బొత్తాలు పెట్టింది, ముద్ద కూడా నోటికందించింది. పాపం, దాన్ని రెస్టు తీసుకోనివ్వండత్తయ్యా అనేది. చెయ్యి హాయిగా రెస్టు తీసుకుంది.

అంతలో షెడ్డు యజమాని కబురు పెట్టాడు. వచ్చే సోమవారం ఒక్క కాలరు కోసి చూపిస్తే కోత బల్ల మళ్లీ ఆమెదే, లేదంటే ఈ మూడు నెలలుగా ఆమె బదులు కోస్తున్న చిన్న మాస్టరుకిచ్చేస్తానని. ఇక కత్తెరమ్మకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చానా అనుకుంటూ వెనక్కి వచ్చేది. చివరికి కత్తెర ఎడమచేత పట్టింది. కుడిచేతివాటం కత్తెర ఎడమచేతిలో బట్టను కొయ్యదు, నములుతుంది. అయినా బొటనవేలితో రెండు రేకులనూ దగ్గరకు అదిమితే తెగుతుందని రెండు రోజుల్లోనే కనిపెట్టింది. మూడో రోజుకు కాలరు వంపు కూడా చక్కగా వచ్చింది.

వ్యాయామం చేయించడానికి ఆ వారమే కొత్తగా వచ్చిన ఫిజియో అమ్మాయి అది చూసి మెచ్చుకోలేదు. ముందు మెడలోని గుడ్డ విప్పింది. మెదడు అక్రోటు పప్పులా రెండు సగాలనీ, ఎడమ సగం కుడిచేతిని, కుడి సగం ఎడమచేతిని నడుపుతాయనీ చెప్పింది. చెవి దగ్గర్నుంచి నడినెత్తి దాకా ఒక పట్టీ ఉందట. అందులో ఒళ్లంతటికీ చోట్లున్నాయట. అంత వీపుకీ చిటికెడు చోటే, వేళ్లకు మాత్రం, అందులోనూ బొటనవేలికి, పెద్ద గది.

"విరిగిన ఎముక కదపకుండా ఉంచితే అతుక్కుంటుందమ్మా. మెదడు అలా కాదు. పని చెయ్యని చెయ్యి చోటు ఖాళీగా ఉంచదు, పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు. చెడిపోయినచోటి పని చుట్టుపక్కలవి నేర్చుకోవాలంటే, అదే పని వెయ్యిసార్లు చేయించాలి. ఈ మొదటి నెలల్లోనే మెదడు మాట వింటుంది."

"చేయిస్తే పూర్తిగా వస్తుందా?"

"చెప్పలేను. చేయించకపోతే మాత్రం రాదు."

రోజుకు కొన్ని గంటలు ఎడమచేతిని కట్టెయ్యమంది. కోడలు దాన్ని దిండు గలీబులో దూర్చి నాడా బిగించింది. కుడిచేత్తో గ్లాసు పట్టబోతే నీళ్లన్నీ ఒళ్లో పడ్డాయి. ఏడాది పిల్లాడప్పుడు మీ అబ్బాయి ఇంతకంటే నయంగా తాగి ఉంటాడని కోడలు నవ్వింది. నవ్వుతూనే గ్లాసు అందుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

మధ్యాహ్నం కోడలు కునుకు తీస్తుంటే కత్తెరమ్మ పళ్లతో నాడా విప్పుకుని ఎడమచేత కోత మొదలుపెట్టేది. సోమవారం ముంచుకొస్తోంది మరి. శనివారం దొరికిపోయింది.

"దొంగతనమా, అత్తయ్యా?"

"బల్ల పోతే నేనేం చెయ్యనే?"

కోడలు గలీబు మడిచి పక్కన పెట్టింది. నాడా మళ్లీ కట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆదివారమంతా కత్తెరమ్మ గదికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. ఎడమచెయ్యి కొయ్యగలదు. కానీ బట్ట నేత బిగువు తెలిసేది కుడి బొటనవేలికే. దాని గదిలో ఇప్పుడు ఎవరు జరిగి కూర్చుంటున్నారో అని ఒకటే గుబులు.

సోమవారం అందరూ బల్ల చుట్టూ చేరారు. ఆమె కత్తెరను కుడిచేతి వేళ్లకు తగిలించి, ఎడమచెయ్యి నడుం వెనక్కి పెట్టుకుంది. తోడుగా వచ్చిన కోడలు, ఎడమచేత్తో అయితే, అని ఏదో అనబోయి ఆగిపోయింది. బొటనవేలు వణికింది, తెరుచుకుంది, కాసేపు ఆలోచించి మూసుకుంది. తిన్నటి గీత ఎలాగో గడిచింది. వంపు దగ్గర కత్తెర సుద్దగీత దాటి లోపలికి కొరికేసింది.

యజమాని కాలరు ఎత్తి చూసి, సుద్దముక్కను చిన్న మాస్టరు వైపు జరిపాడు.

"బల్ల అతనికే ఇవ్వండి," అంది కత్తెరమ్మ. "ఆ చివర నాకు మూరెడు చోటు, ఆ తుక్కుగుడ్డల గంప చాలు."

"ఎన్నాళ్లు?"

"నాకేం తెలుసు? దీన్నడగండి."

ఆయన ఇంకా తటపటాయిస్తుండగానే ఆమె గంపలోంచి ఒక ముక్క లాగింది. మొదటిసారి బొటనవేలు కదల్లేదు. రెండోసారీ అంతే. నాలుగోసారి కాస్త తెరుచుకుంది.