గేటు దగ్గర సోదా

ఈశ్వరి మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. లేబర్ ఆఫీసులో ఆ రోజు తేలాల్సింది ఆమె ఉద్యోగమే అయినా, ఇస్త్రీ బట్టల్లో వెళ్లి మాట్లాడాల్సింది మాత్రం ఎర్రన్న. "నువ్వేటీ మాటాడకు. యూనియనోల్లూ నానూ సూసుకుంతాం" అన్నాడు చద్దన్నం కలుపుకుంటూ. ఆమె నోరు విప్పినందుకే ఇదంతా వచ్చిపడిందని అతగాడి బాధ.

జీడిపప్పు ఫ్యాక్టరీలో పొద్దంతా పిక్కలు కొట్టి, జీడి రసానికి వేళ్లు కమిలి బయటికొచ్చే ఆడవాళ్లను గేటు దగ్గర వాచ్‌మన్ ఒళ్లంతా తడిమి పంపుతాడు. పప్పు దొంగిలిస్తారట. ఏళ్ల తరబడి అందరూ కళ్లు మూసుకుని నిలబడ్డారు, ఈశ్వరి కూడా. ఒకరోజు ఇక వల్లకాక వాడి చెయ్యి విదిలించి కొట్టింది. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. "ఊరందరికీ లేని సిగ్గు నీకేటే?" అంది అత్త. ఆ వాచ్‌మన్ చెయ్యి ఎక్కడ పడిందో మొగుడు అడుగుతాడేమోనని చాలా రోజులు చూసి, ఆ ఆశా వదిలేసుకుంది.

ఆఫీసరు బల్లకి అటు మేనేజరు, ఇటు యూనియన్ నాయకుడు మోహనకృష్ణ, అతని పక్కన ఎర్రన్న. ఈశ్వరికి గోడవార బెంచీ. "ఇక్కడ రాజీ కుదరకపోతే లేబర్ కోర్టుకి పోవాలి. ఏళ్లు పడుతుంది" అన్నాడు ఆఫీసరు. బేరం సాగింది. ఆమె ఒంటి గురించి అంతసేపు మాట్లాడుకున్నవాళ్లలో ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. చివరికి మేనేజరు దిగొచ్చాడు. ఇకమీదట సోదా ఆడమనిషే చేస్తుంది, ఆ పని ఈశ్వరికే ఇస్తామన్నాడు.

ఈశ్వరి బెంచీ మీంచి లేచింది. "సోదాయే వద్దని కద సార్..." అనబోయింది.

"ఊరుకోయే! కూకోబెట్టి జీతమిత్తామంతంటే నీకేటి నొప్పి?" అని కసిరాడు ఎర్రన్న.

"గెలిసీసాం సెల్లీ" అన్నాడు మోహనకృష్ణ.

"సమ్మతమేనా అమ్మా?" అని అడిగాడు ఆఫీసరు, అప్పటికే కలం మూత తీసి అందిస్తూ. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నేర్చుకున్న జవాబు ఒక్కటే. తలూపి సంతకం పెట్టింది.

మర్నాడు సాయంత్రం వాచ్‌మన్ నవ్వుతూ పక్కకి జరిగి ఈశ్వరికి గేటు దగ్గర చోటిచ్చాడు. ఆడవాళ్లు వరస కట్టారు. ఇన్నాళ్లూ ఆమె పక్కనే కూర్చుని పిక్కలు కొట్టిన గురమ్మ అందరికన్నా ముందుకొచ్చింది. ఈశ్వరికి చేతులు లేవలేదు. గురమ్మే కొంగు తప్పించి, ఈశ్వరి కమిలిన వేళ్లు పట్టుకుని తన నడుం మీద పెట్టుకుంది.

"నాతోటే మొదలెట్టీయే తల్లీ. రెండో మనిషి కాడికొచ్చీసరికి సిగ్గు పోతాది."