ఊపిరికి సందివ్వని నినాదం

రాయి కింద పొడుగోడి పాదం నలిగాక కూడా జైకొట్టడం ఆగలేదు. వెనకున్నవాళ్లకు తెలియలేదు. ముందున్నవాళ్లు కెమెరా వైపు చూస్తున్నారు. మార్కెట్ యార్డులో కాటా గుమస్తాను నేను. పది అడుగుల దూరంలో ఉన్నాను.

ఆ రాయి, పోలింగుకు వారం ముందు అభ్యర్థిగారు శంకుస్థాపన చెయ్యబోయే మందిరానిది. మోయించడానికి మా యార్డులో దించారు. క్రేను తెస్తే పావుగంట పని. కానీ ఆయనకు ఫొటో కావాలి. కూలీలు భుజాల మీద మొయ్యాలి, మోస్తూ తన దేవుడి పేరు అరవాలి.

మా యార్డులో బరువు లేపాలంటే ముసలి హమాలీ తాత పిలుపివ్వాలి. ముప్పై ఏళ్లుగా పిలుపు ఆయనదే. "పట్టూ... బిగువూ... ఎత్తాలా!" అని సాగదీసి, ఒక్క ఊపిరి ఆగుతాడు. ఆ ఖాళీలో ఎనిమిది భుజాలు ఒక్కసారిగా లేస్తాయి. చదువుకునే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. బరువు లేచేది అరుపులో కాదు, అరుపు తర్వాతి ఖాళీలో.

మేస్త్రీ తాతను పక్కకు నెట్టాడు. "నువ్వు వాళ్ల మతమోడివి. ఇవాళ నీ నోరు పనికిరాదు."

"సరే, మూసుకుంటా. కానీ జైకొడుతూ బరువెత్తించకు నాయనా. ఊపిరి ఎక్కడ పీల్చాలో అందులో ఉండదు."

"నీ పాఠాలు ఇంట్లో చెప్పుకో. నడువ్!"

మైకువాడు దేవుడి పేరు అరిచాడు, జనం జై అన్నారు. సగంమంది పేరు మీద ఎత్తారు, సగంమంది జై మీద ఎత్తారు. రాయి ఒరిగింది. వెనక మూల పొడుగోడి పాదం మీద దిగింది.

గంట తిరక్కుండా అదే మైకు ఇంకో మాట మొదలెట్టింది. తాతే రాయికి కట్టిన మోకు వదులు చేశాడట, వాళ్ల మతంవాళ్ల కుట్రట. పోలీసులొచ్చి తాతను తీసుకుపోయారు. ఆయన వ్యాను మెట్టు ఎక్కలేకపోతే ఒక కానిస్టేబుల్ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఆ ఒక్కడు మనిషనిపించాడు.

మేస్త్రీ కాగితం పట్టుకుని ఆస్పత్రికొచ్చాడు. నేనూ మంచం పక్కనే ఉన్నాను.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యరా. తాతే చేశాడని రాశాం. నిన్ను పెద్దాస్పత్రికి పంపిస్తారు."

"మోకు ఎవరు కట్టారన్నా?" అన్నాడు పొడుగోడు. "నేను కట్టా. నా ముడి జారదు."

"మరి రాయెలా జారింది?"

"మీరు గొంతులు చించుకుంటుంటే నాకు ఊపిరి పీల్చే సందేది?"

మేస్త్రీ వేలిముద్ర కోసం అతని చెయ్యి లాగబోయాడు. మా యార్డులోనే సంచులు కుట్టే పొడుగోడి భార్య అడ్డం వచ్చి నిలబడింది. "ఆ కాలుతో సరిపోలేదా? చెయ్యి కూడా కావాలా?" మేస్త్రీ వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం యార్డులో అందరూ కూడారు. తాత జైలుకు పోతాడని అందరికీ తెలుసు. నోరెత్తితే పని పోతుందనీ తెలుసు.

"మనమెందుకు మధ్యలో దూరడం?" అన్నాడు మీసాలాయన. "తాత మనోడు కూడా కాదు."

"మనోడంటే ఎవరు తమ్ముడూ?" అంది పొడుగోడి భార్య. "పదేళ్లుగా నీ మెడ విరక్కుండా పిలిచినోడు మనోడు కాదా? నా మొగుడి కాలు నలగ్గొట్టి, జుట్టు దువ్వుకుని ఫొటో దిగినోడు మనోడా? వాడు నీ ఇంటి గడప ఎప్పుడైనా తొక్కాడా?"

"ఓట్లప్పుడు తొక్కాడుగా," అన్నారెవరో. నవ్వారు. మీసాలాయన నవ్వలేదు.

"నేను జై మీద ఎత్తానక్కా," అన్నాడు నేల చూస్తూ. "నా పక్కోడు పేరు మీద ఎత్తాడు. మా ఇద్దరి దేవుడూ ఒకడే. తాత తప్పేం లేదు."

ఆమె అతన్ని తిట్టలేదు. "ఆ మాటే రాయించు," అంది.

నేను రాశాను. నేను చూసిందీ రాసి, కింద నా సంతకం ముందు పెట్టాను. ఉద్యోగం పోతుందని ఆపడానికి ఇంట్లో నా భార్య లేదు. బతికున్నా ఆపేది కాదు, పెన్ను తెచ్చిచ్చేది. తర్వాత రెండు మతాలవాళ్లూ వరసగా వచ్చి వేలిముద్రలు వేశారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కాగితం ముట్టుకోలేదు. "ఎన్నికలయ్యాక చూద్దాం."

"అప్పటిదాకా మా పెద్దాయన లోపలుంటే," అంది పొడుగోడి భార్య, "మీ రాయి మా యార్డులోనే ఉంటుంది."

వెనక్కొచ్చి రాయి చుట్టూ కూర్చున్నాం. మధ్యాహ్నానికి మేస్త్రీ క్రేను తెచ్చాడు.

"లేవండ్రా! లేవకపోతే మీదినుంచి పోనిస్తా!"

"పోనీ," అన్నాడు మీసాలాయన. "దానిక్కూడా జైకొట్టు."

క్రేను డ్రైవరు మాకెవరికీ తెలియదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎందుకు కూర్చున్నారమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. మధ్యలో మేస్త్రీ అరుస్తున్నా అతను చివరిదాకా విన్నాడు. ఇంజను ఆపాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకుని కిందికి దిగాడు.

"కాస్త జరగండి," అని మా మధ్య కూర్చున్నాడు.

గేటు బయట అభ్యర్థి కార్లు ఒకటే హారన్లు కొడుతున్నాయి. రోడ్డుకు అటువైపు గోదాముల్లోంచి కూలీలు బయటికొచ్చి చూశారు. వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత వాళ్లూ పని ఆపి ఒక్కో షట్టరూ కిందికి దించడం మొదలెట్టారు.