పలచగా నేసిన తెర

ముందు బట్టను డేరాకు చేర్చాలి, అక్కడినుంచి నాలుగింటికి జిల్లా బోర్డు ఆఫీసు మూసేలోగా పోయి బడిపంతులు పనికి అర్జీ ఇవ్వాలి, అర్జీలో పేరు పక్కన బి.ఏ. అని రాసుకోవచ్చా, ఫలితాలు రానిదే రాయకూడదా, ఎవరినైనా అడగాలి, నాయినకు ఆకూవక్కా, అమ్మకు శొంఠి కొమ్ము, ఆ తర్వాత ఇంకొకటి ఉంది, అయిదోది, తలమీది మూటను ఎడమచేత్తో పట్టుకొని కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడుచుకుంటూ వచ్చిన ఉరుకుందప్ప చిటికెనవేలి దగ్గర ఆగిపోయాడు, మరిచిపోయి కాదు, మరిచిపోతే బాగుండునని, కల్లూరు గట్టు దిగి హంద్రీలో అడుగు పెట్టినప్పటినుంచి మూడుసార్లు లెక్కపెట్టాడు, మూడుసార్లూ ఆ వేలు మడవకుండానే వదిలేశాడు, ఏట్లో చుక్క నీళ్ళు లేవు, ఇసుక చెప్పుల్లోకి దూరి కాలుతోంది, అవతలి గట్టు మీద కర్నూలు ఇళ్ళు ఎండకు వణుకుతున్నట్టు ఉన్నాయి, వాటికి ఇవతల ఇసుకమేట మీద మాసిన డేరా, దాని పక్కన కొత్తగా వచ్చిన నూనె ఇంజను, ఈ పొద్దు గూకగానే ఆ డేరాలో మాట్లాడే సినిమా బొమ్మ మొదలు, తలమీద ఉన్నది దాని తెర, మోసుకుపోతున్నది తను, అయిదో పని గాబ్రియేలన్నకు చెప్పడం, ఏమని, అన్నా, నీ నోటికాడి కూడు తీసింది నేనే అని.

ఇంత బట్ట ఇంత తేలికగా ఉండకూడదు, అయిదు పన్నాలు కలిపి కుట్టిన బట్ట, మామూలు నేత అయితే మెడ విరిగేది, ఇది గాలి మోస్తున్నట్టు ఉంది, పాత తెర ఇట్లా ఉండేది కాదు, దాన్నీ నాయిన కంబన్నే నేశాడు, నీళ్ళు చల్లితే బొమ్మ నిగనిగలాడేది, ఆ తెరకు కుడిపక్కన చాప పరుచుకొని హార్మోనియం ముందు గాబ్రియేలు, నలభై దాటిన బక్కమనిషి, మాటలేని బొమ్మ ఆడుతుంటే నవ్వుకు నవ్వు, పరుగుకు పరుగు, ఏడుపుకు ఏడుపు ఆ పెట్టెలోంచే తీసేవాడు, పక్కనుంచి ఏటవాలుగా చూస్తాడు గనుక మొహాలన్నీ సాగి కనపడేవట, పన్నెండేండ్లాయనప్పా, ఒక్క బొమ్మనూ ఎదురుగా చూడలా, రాణులందరివీ నాకు దోసకాయ మొహాలే అని నవ్వేవాడు, ఆ నవ్వు విన్నది మహానందిలో, శివరాత్రి తిరునాళ్ళకు అమ్మను తీసుకుపోయినప్పుడు, పరీక్షకు ఇంకా నెలరోజులు, అమ్మ కోనేట్లో మునిగి వచ్చేలోపల ఊరికే డేరాలోకి తొంగి చూద్దామని పోయినవాడు బొమ్మ అయిపోయి జనమంతా లేచినా లేవలేకపోయాడు, అమ్మ తడిచీరతో బయట నిలబడి ఉంది, ఏం నాయినా, దేవుడు ఈడ ఉండాడా ఆడ ఉండాడా అని అడిగింది, కోపంగా కాదు, తెలుసుకుందామనే.

పరీక్షలు అయి అనంతపురం నుంచి వచ్చినవాడు ఇంట్లో కూర్చుని మగ్గానికి చేయి అందించాల్సింది, ఇంటిల్లిపాదీ ఒంటిపూట తిని చదివించిన కొడుకు, కానీ కాలు నిలవలేదు, రాయచోటి బోర్డు బడిలో ఖాళీ ఉందట అన్నాడు, అక్కడ ఖాళీ లేదు, డేరా ఉంది, కడపలో తెలిసినాయన రమ్మన్నాడు అన్నాడు, అక్కడా తెలిసినాయన లేడు, డేరానే, ఆడిందల్లా ఒకటే బొమ్మ, రాణి కోటగోడ మీద నిలబడి యుద్ధానికి పోయిన రాజు కోసం చూస్తుంటుంది, దుమ్ము లేస్తుంది, గుర్రం వస్తుంది, గుర్రం మీద మనిషి ఉండడు, అంతే, దాన్ని తొమ్మిదిసార్లు చూశాడు, తొమ్మిదిసార్లూ గుర్రం ఉత్తదే వచ్చింది, కానీ మహానందిలో ఆ దుమ్ము లేచేటప్పుడు గాబ్రియేలు జోలపాట వరస వాయించాడు, సచ్చినోడికి జోల ఏందిరా అని వెనక ఎవడో అన్నాడు, అన్నవాడే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, రాయచోటిలో అదే చోట మెట్ల మీద వేలే పెట్టలేదు, తిత్తి మాత్రం మెల్లగా లాగి వదిలాడు, లాగి వదిలాడు, పెట్టె ఊపిరి తీస్తున్న చప్పుడు తప్ప డేరాలో ఇంకేమీ లేదు, రెండువందల మంది ఆ ఊపిరితోపాటే ఊపిరి తీశారు, కడపలో సరిగ్గా గుర్రం రాకముందే రీలు తెగింది, తెర నల్లబడింది, జనం అరవబోయారు, ఆయన ఆపలేదు, అతికించేదాకా వాయిస్తూనే ఉన్నాడు, ఆ చీకటి తెర మీద గుర్రం రావడం ఉరుకుందప్ప చూశాడు, ఒట్టు, పక్కనున్న గాజులమ్మే సాయిబు కూడా చూశానన్నాడు, గుర్రం తెల్లదే కదప్పా అన్నాడు.

మరి అంత తెలిసినవాడు ఆ పొద్దు నోరెందుకు తెరిచినట్టు, నోరుందని, అంతే, చదువుకున్న నోరు, ఎవరూ అడగని నోరు, నెలకిందట ఈ ఇసుకమేట మీదనే డేరా యజమాని ఓబులేసు మద్రాసు నుంచి మాట్లాడే మిషను తెప్పించి మధ్యాన్నం పూట ఆడించి చూశాడు, మాట వచ్చే పెట్టె తెర వెనక పెట్టాలి, పెడితే నీళ్ళు చల్లిన పాత బట్ట బిగుసుకొని మాట బయటికే రాలేదు, గొంతులో గుడ్డ కుక్కినట్టు ఉండాది కదప్పా ఇది, దీనికన్నా మా గాబ్రియేలే మేలు, దీన్ని సోమవారం రైలెక్కించి పంపిస్తా అని ఓబులేసు చేతులు దులుపుకున్నాడు, పంపించేవాడే, పెట్టెకు తాడు కూడా చుట్టారు, గాబ్రియేలు తుంగభద్రకు స్నానానికి పోయి ఉన్నాడు, లేకుంటే తను ఆయన మొహం చూసి ఆగేవాడేమో, ఆగేవాడా, ఏమో, కాలేజీలో నాలుగేండ్లు నేతగాని కొడుకునని చెప్పుకోకుండా గడిపాడు, ఇంట్లో నాలుగేండ్లు చదివింది చెప్పుకోకుండా గడిపాడు, ఆ రెండూ కలిసి ఒకచోట పనికొచ్చింది జన్మలో అదొక్కసారే, ఓబులేసన్నా, తప్పు మిషనుది కాదు, బట్టది, మగ్గంలో దువ్వెన లాంటి అచ్చు ఉంటుంది కదా, దాంట్లో ఒక సందుకు నూలు ఎక్కించి ఒక సందు ఉత్తది వదిలేసి నేస్తే బొమ్మా నిలుస్తుంది, మాటా దూరుతుంది, మా నాయిన నేస్తాడు అన్నాడు, అందరూ అతనివైపు తిరిగి చూశారు, ఓబులేసు తాడు విప్పమన్నాడు, బియ్యే అంటే ఇదప్పా అని వీపు తట్టాడు, ఆ వీపు మీద ఆ చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది, చెమట కారి దిగుతుంటే అక్కడే ముందు కాలుతోంది.

నాయిన నేయనన్నాడు, జల్లెడ నేయమంటావేందిరా నాతో, మా తాతలు పోగు పక్కన పోగు దగ్గర పెట్టి బతికినారు, నువ్వు బియ్యే చదివొచ్చి దూరం పెట్టమంటాండావు అన్నాడు, రెండు దినాలు మగ్గం ఎక్కలేదు, మూడోనాడు ఎక్కి అలవాటు చొప్పున గట్టిగా ఒక దెబ్బ కొట్టి, కొట్టకూడదని గుర్తొచ్చి, పోగును కొట్టే పలకను చేత్తో పట్టుకొని మెల్లగా ఆనించాడు, ముప్పై ఏండ్లుగా కొట్టిన చెయ్యి కొట్టకుండా ఉండడానికి వణికింది, ఆ వణుకు చూసి కూడా చెప్పలేదే, వద్దులే నాయినా, ఇది మంచిపని కాదు అని, ఎట్లా చెప్తాడు, ఆ ఎండాకాలం మగ్గానికి వచ్చిన పని అదొక్కటే, అమ్మ పన్నాలు కలిపి కుడుతూ ఇదెవరికి చీర అంది, రాక్షసికి అన్నాడు నాయిన, అమ్మ నవ్వింది, ఇసుక అయిపోవస్తోంది, మేట మీది డేరా దగ్గరపడింది, ఆఫీసు గంట మూడు కొట్టినట్టుంది, ముందు అర్జీ ఇచ్చి వస్తే, ఇచ్చి వచ్చేసరికి గాబ్రియేలన్న ఊరు వెళ్ళిపోయి ఉంటే, ఉంటే బాగుండునా, ఛీ.

గాబ్రియేలు వెళ్ళలేదు, నిచ్చెన మీద ఉన్నాడు, తెర కట్టే గుంజకు తాడు వేస్తూ, అయిదుగురు చేసే పనికి ఇద్దరే ఉన్నారు, రాప్పా బియ్యే, రాణికి కోక తెచ్చినావా అని పైనుంచే కేకేశాడు, ఉరుకుందప్ప మూట దించి ఒక అంచు అందించాడు, ఆయన రెండు వేళ్ళతో బట్టను రుద్దిచూశాడు, ఎండకు అడ్డం పెట్టి అందులోంచి ఏటిని చూశాడు, శానా బాగా నేసినాడప్పా మీ నాయిన, కనపడీ కనపడకుండా ఉండాది అన్నాడు, కట్టారు, బిగించారు, ఓబులేసు వచ్చి నడుము మీద చేతులు పెట్టుకొని చూశాడు, ఇంజను మనిషి ఇంకా రాలేదు, సందేళకు జనం వస్తారు, అప్పుడు మాట దూరకపోతే డేరా పీకుతారు, ఇప్పుడే ఎట్లా తెలుస్తుంది, ఏమప్పా గాబ్రియేలూ, నీ పెట్టె తీసుకొని తెర వెనక కూర్చో, ఒకటి వాయించు, నీది వినపడితే మిషనుదీ వినపడుతుంది, ఒరే ఉరుకుందూ, నువ్వు ముందర కూర్చుని విను, నువ్వే కదా చెప్పింది అన్నాడు, అన్నాడు, ఆయన వింటుండగానే, నువ్వే కదా చెప్పింది అని, ఉరుకుందప్ప తలెత్తలేదు, గాబ్రియేలు హార్మోనియం చంకన పెట్టుకొని చిన్నగా దగ్గి తెర వెనక్కి పోయాడు, చాప పరిచిన చప్పుడు, కుడిపక్కన కాదు, మధ్యలో, మాట వచ్చే పెట్టె పక్కనే.

డేరా అంతా ఉత్తదే, ఇసుకలో ఒక్కడే కూర్చున్నాడు, ముందు తెల్లటి బట్ట, నాయిన వదిలిపెట్టిన సందులు లక్షల్లో, మొదట ఏమీ రాలేదు, తర్వాత తిత్తి, లాగి వదలడం, లాగి వదలడం, రాయచోటి ఊపిరి, అది బట్టలోని ప్రతి సందులోంచీ దూరి వచ్చి మొహానికి తగిలింది, వెనక ఓబులేసు దూరుతాండాది, దూరుతాండాది అని చప్పట్లు కొడుతున్నాడు, ఆ ఊపిరిలోంచే మెల్లగా జోలపాట, అది ఇదివరకు విన్న జోల కాదు, నడకలో ఉంది, ఎవరో చంటిబిడ్డను భుజాన వేసుకొని ఎండలో ఊరు దాటుతున్నట్టు, ఏ బొమ్మా లేదు తెర మీద, రాణి లేదు, గుర్రం లేదు, తొమ్మిదిసార్లు దేనికోసం ఊర్లు తిరిగానో అప్పుడు తెలుసనుకున్నాడు, తెలియదు, ఇప్పుడు తెలుస్తోంది, తన నోటితో తనే తెచ్చిన తెర ఇవతల కూర్చుంటే తెలుస్తోంది, ఆఫీసు గంట నాలుగు కొట్టింది, అర్జీ జేబులో చెమటకు మెత్తబడింది, లేవలేదు.

ఆగినాక తెర వెనక్కి పోయాడు, అన్నా, ఆ మాట చెప్పింది నేనే, సందు వదిలి నేస్తే దూరుతుందని, నేను చెప్పకుంటే మిషను పోయేది, నువ్వుండేవాడివి అన్నాడు, ఒక్క ఊపిరిలో, గాబ్రియేలు హార్మోనియానికి గుడ్డ చుడుతున్నాడు, నెల కిందటే తెలుసులేప్పా, ఓబులేసు ఊరంతా చెప్పుకున్నాడు కదా, ఇది కాకుంటే ఇంకోటి, కర్నూలు కాకుంటే నంద్యాల, నేనేమన్నా మిషనుకు అడ్డం పడుకుంటానా, మా ఊరికి పోతా, మా అమ్మ విశ్వాసమ్మకు కండ్లు ఆనవు ఇప్పుడు, చర్చిలో వాయిస్తా, ఇదంతా చెప్తూ ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు, అప్పుడు ఇటు చూడకుండా అడిగాడు, అది సరే, ముందర కూర్చుంటే ఎట్లా వినపడుతుందప్పా నాది, పన్నెండేండ్లలో ఎవురూ చెప్పలా, నేనెప్పుడూ పక్కనే కదా. ఉరుకుందప్పది ఓబులేసుకు బట్ట గురించి అన్ని మాటలు చెప్పిన నోరు, ఈ మనిషిని వెతుక్కుంటూ నాలుగు ఊర్లు తిరిగి ఒక్కసారైనా బాగుందన్నా అని అనని నోరు, మాటలు వెతికి వెతికి చివరికి అన్నాడు, ఎదురుగా కూర్చుంటే రాణి మొహం సాగదన్నా, గుండ్రంగా ఉంటుంది, నువ్వు తిత్తి లాగితే ఆమె ఊపిరి తీస్తుంది, వదిలితే వదుల్తుంది. అట్లనా, అన్నాడు గాబ్రియేలు, గుండ్రంగా ఉంటుందా, అని మళ్ళీ అన్నాడు, దోసకాయ కాదన్నమాట, నవ్వాడు, ఆ నవ్వుతోనే పెట్టె చంకకెత్తుకొని గట్టు ఎక్కాడు, డేరా గుంజకు కొత్త కరపత్రం అంటించి ఉంది, మిషను పేరు పెద్దక్షరాల్లో, ఓబులేసు పేరు అంతకంటే పెద్దక్షరాల్లో, పాత కరపత్రం దాని కిందినుంచి కొంచెం కనపడుతోంది, వాద్య సహితముగా అని, ఎవరి వాద్యమో లేదు, పన్నెండేండ్లలో ఒక్క కాగితం మీదా లేదు, మాట్లాడే బొమ్మ ఇకమీదట అన్ని ఊర్లలోనూ ఒకే మాట మాట్లాడుతుంది, పెట్టెలో చుట్టి పెడితే వందేండ్లయినా ఉంటుంది, మహానంది జోల, రాయచోటి ఊపిరి, కడప చీకట్లో తెల్లగుర్రం, ఇవి ఏ పెట్టెలోనూ లేవు, విన్నవాళ్ళ చెవుల్లో ఉన్నాయి, విన్నవాళ్ళు లేచి ఇళ్ళకు పోయారు, చెప్పాల్సింది ఓబులేసుకు కాదు, గాబ్రియేలుకు కూడా కాదు, వాళ్ళకు, ఉరుకుందప్ప చిటికెనవేలు మడిచాడు, పని అయిపోలేదు, ఇప్పుడే మొదలైంది. అయ్యా, అమ్మా, మీరు ఎప్పుడైనా ఒక డేరాలోనో హాలులోనో కూర్చుని బొమ్మ చూసి కండ్లు తుడుచుకుంటే, తెరకు కుడిపక్కన చాప మీద గాబ్రియేలు అని ఒకాయన ఉండేవాడని గుర్తు పెట్టుకోండి.